ముందు తూకం, తర్వాతే మోటారు

చిన్నా,

ఎలక్ట్రిక్‌గా మారుస్తానంటూ నిన్న రాత్రి నువ్వు పంపిన కారు ఫొటోలు చూశాను. ఆ రెక్కల తలుపులు చూడగానే బ్రాడ్లీ జీటీ టూ అని గుర్తుపట్టాను. పైన ఫైబర్ బాడీ, కింద ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ చాసీ. 1970ల్లో మినెసోటాలో ఆ కంపెనీ కిట్లు అమ్మితే, జనం పాత బీటిల్ మీది బాడీ ఊడదీసి పక్కన పడేసి, ఇంటి గరాజ్‌లోనే దీన్ని బిగించుకునేవాళ్లు. 1980 ప్రాంతంలో ఆ కంపెనీయే దీన్ని ఎలక్ట్రిక్‌గా కూడా అమ్మింది. కాబట్టి ఈ పని ఆ కారుకేమీ కొత్త కాదు, నీకే కొత్త.

"మావయ్యా, ఏ మోటారు కొనమంటావు?" అని అడిగావు. ఇప్పుడే ఏదీ కొనొద్దు. ముందు కారును తూకం వెయ్యి. మొత్తం బరువు ఒక్కటే కాదు, నాలుగు చక్రాల కింద విడివిడిగా ఎంతెంత పడుతోందో చూడాలి. ఇంజన్ ఉండగా ఒకసారి, పెట్రోల్ ట్యాంకు నింపి ఇంకోసారి. ఆ అంకెలు గరాజ్ గోడ మీద మార్కర్‌తో రాసిపెట్టుకో. కాగితం మీద రాస్తే పోతుంది, మీ అమ్మ పోలిక నీకు.

ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే నాకు తగిలింది. పదిహేనేళ్ల కిందట నేను ఎలక్ట్రిక్‌గా చేసిన బగ్గీ కారు కూడా బీటిల్ చాసీయే. మోటారు ముందే కొనేశాను. తర్వాత 6 వోల్టుల లెడ్ బ్యాటరీలు పదహారు తెచ్చి, వెనక ఎక్కడ ఖాళీ కనిపిస్తే అక్కడ పేర్చాను. ఒక్కోటి 28 కిలోలు. అంటే దగ్గర దగ్గర 450 కిలోలు వెనక చక్రాల మీదే. బీటిల్‌కు అసలే బరువంతా వెనక. మొదటి వాన పడ్డ రోజు మా వీధి మలుపులో స్టీరింగ్ తిప్పితే ముందు చక్రాలు మాట వినలేదు. కారు నేరుగా వెళ్లి ఎదురింటివాళ్ల లాన్‌లో ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు గానీ, మీ అత్తయ్య మళ్లీ దాంట్లో ఎక్కలేదు.

ఇప్పుడు నీ రోజులు నయం, లిథియం వచ్చింది. నీ ఆఫీసు రానూ పోనూ 18 మైళ్లు అన్నావు. ఇలాంటి తేలిక కారు మైలుకు సుమారు 250 వాట్ అవర్లు తాగుతుంది. పాత నిసాన్ లీఫ్ నుంచి తీసిన బ్యాటరీ మాడ్యూళ్లు దొరుకుతాయి, ఒక్కోటి 3.8 కిలోలు, కొత్తలో సుమారు అర కిలోవాట్ అవర్. ముప్పై తీసుకుంటే 114 కిలోలు, 15 కిలోవాట్ అవర్లు. వాడినవి కాబట్టి అందులో 12 మిగిలిందనుకో. ఆ 12 కూడా అడుగంటా వాడకూడదు, 10 లెక్కేసుకో. నలభై మైళ్లు. నీకు రెండింతలకు పైనే. "ఇంకో ఇరవై వేస్తే పోలా" అని మనసు లాగుతుంది. లాగనీ. ఒక్కో మాడ్యూల్‌తో బరువు పెరుగుతుంది, పాత డ్రమ్ బ్రేకులు మోయాల్సిన భారం పెరుగుతుంది.

బరువు లెక్క కూడా చెబుతాను. ఇంజన్ దగ్గర దగ్గర 110 కిలోలు. ముందున్న ట్యాంకు, అందులో నలభై లీటర్ల పెట్రోలు కలిపి 40 దాకా. ఇవి పోతాయి. మోటారు 55, బ్యాటరీలు 114, పెట్టెలు, చార్జర్, కేబుళ్లు కలిపి ఇంకో 40 వస్తాయి. అంటే అరవై కిలోలు ఎక్కువ, ఓ మనిషిని అదనంగా ఎక్కించుకున్నట్టు. ట్యాంకు తీసిన చోట సగం మాడ్యూళ్లు పెట్టు, మిగతావి సీట్ల వెనక. అప్పుడు మళ్లీ తూకం వేసి గోడ మీది అంకెలతో పోల్చు. ముందు చక్రాల మీద పాతదాని కంటే ఎక్కువ పడితే మంచిదే. వెనక కారు కిందికి దిగిందనుకో, టార్షన్ బార్ (స్ప్రింగు బదులు మెలితిరిగి బరువు మోసే కడ్డీ) పళ్లు ఒకటి రెండు జరిపి పైకి ఎత్తుకోవచ్చు. లోపలి వైపు 40 పళ్లు, బయటి వైపు 44, అందుకే సన్నగా సర్దుకునే వీలుంది.

ఆ మాడ్యూళ్లకు మూడు టెర్మినళ్లు ఉంటాయి. మధ్యది చూసి కంగారుపడకు, లోపలున్న రెండు జతల మధ్య వోల్టేజి చూడటానికి అది. బీఎంఎస్, అంటే సెల్స్‌ను కనిపెట్టి ఉండే సర్క్యూట్, దాని వైర్లు అక్కడే తగిలించాలి. రెండు మాడ్యూళ్లను ప్యారలల్‌గా, అంటే ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ కలిపే ముందు రెండింటి వోల్టేజి సమానం చెయ్యి, లేకపోతే ఎక్కువున్నది తక్కువున్నదాంట్లోకి ఒక్కసారిగా పారుతుంది. వరసగా పేర్చి అటూ ఇటూ ప్లేట్లతో గట్టిగా బిగించు. వదులుగా వదిలేస్తే ఉబ్బుతాయి.

మోటారును గేర్‌బాక్స్‌కు కలిపే ప్లేటు దగ్గర తొందరపడకు. నేను విజయవాడ ఆటోనగర్‌లో లేత్ దగ్గర పని నేర్చుకున్నవాణ్ణి, అయినా మొదటిసారి పప్పులో కాలేశాను. పాత ఇంజన్ దించగానే, గేర్‌బాక్స్‌ను తాకే దాని మొహం నుంచి ఫ్లైవీల్ (ఇంజన్ చివర తిరిగే బరువైన చక్రం) మొహం ఎంత దూరంలో ఉందో కొలిచి రాసుకో. కొత్త మోటారు మీద కూడా సరిగ్గా అంతే ఉండాలి. తర్వాత సన్న తేడాలు కొలిచే డయల్ గేజ్ పెట్టు. ప్లేటు అల్యూమినియంది, గేజ్ మాగ్నెట్ స్టాండు దానికి అంటుకోదు. ఒక ఇనుప ముక్కను బోల్టుతో బిగించి దాని మీద నిలబెట్టు. గేజ్ మొనను ఫ్లైవీల్ మొహానికి తాకించి, చేత్తో మెల్లగా ఒక చుట్టు తిప్పు. గేజ్ ముల్లు రెండు మూడు థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) మించి ఊగితే విప్పి మళ్లీ కూర్చోబెట్టు. నేను "ఎనిమిది థౌ అయితే ఏమైందిలే" అనుకున్నాను. నలభై మైళ్ల వేగం దాటితే సీటు కింద తేనెటీగలు మోగినట్టు ఉండేది. మూడు నెలల్లో గేర్‌బాక్స్ ఆయిల్ సీలు పోయింది. క్లచ్ అలాగే ఉంచు. ఊళ్లో మూడో గేరులోనే తిరుగుతావు గానీ, మార్చుకోవడానికి ఉంటే హాయి.

ఇక కరెంటు. నువ్వు ఇంట్లో స్విచ్చులు మార్చిన ధైర్యంతో దీని జోలికి రావొద్దు. ఇంటి కరెంటు ఇక్కడ అమెరికాలో సెకనుకు 120 సార్లు సున్నాకు వస్తుంది, అందుకే నిప్పురవ్వ పుట్టినా తెగిపోతుంది. బ్యాటరీ డీసీ సున్నాకు రాదు, రవ్వ సాగుతూనే ఉంటుంది. ఫ్యూజు, కాంటాక్టర్ (పెద్ద కరెంటును కలిపి తెంపే స్విచ్చు) రెండూ డీసీకి పనికొచ్చేవని, నీ ప్యాక్ వోల్టేజికి తట్టుకుంటాయని రాసి ఉన్నవే కొను. చవగ్గా వచ్చాయని ఇంటి సామాను తెచ్చి పెట్టకు.

ప్రీచార్జ్ సంగతి నా నోటితోనే విను. మోటారుకు కరెంటు అందించే కంట్రోలర్ లోపలి కెపాసిటర్లు ఖాళీగా ఉన్నప్పుడు కాంటాక్టర్ నేరుగా కలిస్తే కరెంటు వాటి మీద విరుచుకుపడుతుంది. అందుకే ముందు ఒక రెసిస్టర్ గుండా కొద్దికొద్దిగా నింపి, అప్పుడు కాంటాక్టర్ కలపాలి. నా బగ్గీలో ఒక రోజు ఆ రెసిస్టర్ వైరు ఊడింది, చూసుకోలేదు. తాళం తిప్పగానే లోపల టప్‌మంది. కారు మామూలుగానే నడిచింది, నేనూ మర్చిపోయాను. ఇంటికొచ్చి తాళం తీసి, పావుగంట ఆగి, వేరే పనికి మూత విప్పి అలవాటు కొద్దీ మీటరు పెట్టాను. వంద వోల్టులు. కాంటాక్టర్ పాయింట్లు అతుక్కుపోయాయి. మీటరు పెట్టకుండా చెయ్యి పెట్టి ఉంటే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు. డ్రైవర్ చేతికి అందేలా ఒక డీసీ బ్రేకరు పెట్టు, ఎప్పుడైనా లాగేసేలా. ఉంగరం, గొలుసు, వాచీ ఇంట్లో పెట్టి రా. స్పానర్ పిడికి టేపు చుట్టు. వెయ్యి వోల్టుల రబ్బరు గ్లవ్స్ కొను. ఒంటరిగా ఉన్నప్పుడు బ్యాటరీ పెట్టె తెరవకు.

ఫైబర్ బాడీతో ఒక తిరకాసు ఉంది. మామూలు కారులో లైటుకు ఒక వైరు చాలు, ఎర్త్ బాడీ నుంచే వస్తుంది. ఫైబర్‌లో ప్రతి లైటుకూ ఎర్త్ వైరు వేరేగా లాగాలి. లైట్లు మిణుకుమిణుకుమంటే సగం సార్లు అదే జబ్బు. పెద్ద వోల్టేజి మాత్రం ప్లస్సూ మైనస్సూ రెండూ చాసీని తాకకూడదు. కంట్రోలర్, చార్జర్ విడదీసి, కేబుళ్లకు చాసీకి మధ్య మెగ్గర్ (కరెంటు లీకు పట్టే మీటరు) పెట్టి చూడు. నా దగ్గర ఉంది, తెస్తాను.

మిగతావి చిన్నవి. డైనమో పోయింది కాబట్టి లైట్లకు, వైపర్లకు, బ్యాటరీల పెద్ద వోల్టేజిని తగ్గించి ఇచ్చే డీసీ-డీసీ కన్వర్టర్ కావాలి. చార్జింగ్‌కు గరాజ్‌లోని మామూలు 120 వోల్టుల ప్లగ్గే చాలు, 12 ఆంపియర్లతో రాత్రికి నిండుతుంది. మన ఒహాయో చలిలో సున్నా డిగ్రీల కంటే కిందికి పోయినప్పుడు చార్జింగ్ పెట్టకు, సెల్స్ లోపల లిథియం పేరుకుని పాడవుతాయి. నడపడానికి పర్వాలేదు. పాత హీటరు ఇంజన్ వేడితో పనిచేసేది, ఇక అది ఉండదు. అద్దం మీది మంచు పోవడానికి చిన్న ఎలక్ట్రిక్ హీటర్ తప్పదు. కాగితాల్లో కారు బీటిల్ సంవత్సరంతో ఉందో, కిట్ కారుగా ఉందో చూసి, పని మొదలెట్టక ముందే ఇన్సూరెన్స్‌వాళ్లతో మాట్లాడు.

హైదరాబాద్‌లో మీ బాబాయి కూడా పాత మారుతిని ఇలాగే చేద్దామంటున్నాడని మీ అమ్మ చెప్పింది. అక్కడ సొంతంగా చెయ్యకూడదని చెప్పు. ఆమోదం పొందిన కిట్‌ను, అనుమతి ఉన్నవాళ్లే బిగించాలి, ఆర్టీవో రికార్డులో మార్పించాలి. ఆయన వినడు, తెలుసు. అయినా చెప్పు.

వచ్చే శనివారం పొద్దున్నే వస్తాను. చక్రాల కింద పెట్టే నాలుగు తూకం మిషన్లూ, మెగ్గరూ కారులో వేసుకుని వస్తాను. అప్పటికి ట్యాంకు నింపి, టైర్లలో గాలి సరిచూసి, కారును చదునైన చోట నిలబెట్టి ఉంచు. ఇంజన్ మాత్రం విప్పకు.

మీ మావయ్య