కోటలు చూడ్డానికి వస్తా ఉన్న బుజ్జమ్మకి తాత రాసేది

బుజ్జమ్మా,

సంక్రాంతికి ఫ్రెండ్సుతో వచ్చి చూస్తానని నువ్వు పంపిన లిస్టు చూశా తల్లీ, మీ అవ్వకి కూడా చదివి వినిపించా, ఆమె ఒకటే నవ్వు. రెండు రోజుల్లో పదకొండు చోట్లంట, పొద్దున ఆరింటికి ఉదయగిరి, పదింటికి భైరవకోన, మధ్యాన్నం చందవరం, పొద్దుగూకేసరికి ఒంగోలు, ఇదేమన్నా టూరా లేకపోతే నాన్‌స్టాప్ సర్వీసా? ఇరవై తొమ్మిదేళ్ళు ఆర్టీసీలో కండక్టరు చేసినోణ్ణి, ఆ రోడ్లన్నీ నా మోకాళ్ళకి తెలుసు. మ్యాపులో చూస్తే అన్నీ బెత్తెడు దూరంలోనే ఉంటాయి, కొండ పక్క సింగిల్ రోడ్డులో గొర్రెల మంద అడ్డమొచ్చినప్పుడు తెలుస్తది బెత్తెడు అంటే ఎంతో.

అందుకని ముందు ఆ లిస్టులో సగం కొట్టెయ్. రోజుకి ఒకటి, గట్టిగా అయితే రెండు. ఎందుకంటావా, మన పక్క పాత చోట్లు చూడ్డంలో ఒక తిరకాసు ఉంది. నువ్వు దేనికోసం పోతావో అది చానాసార్లు అక్కడ ఉండదు. ఎగతాళికి చెప్పట్లా.

మీ అమ్మ మూడో క్లాసో నాలుగో క్లాసో ఉన్నప్పుడు, తెలుగులో దొరికిన మొట్టమొదటి పద్య శాసనం అద్దంకిదని డిపోలో ఒకాయన చెప్తే, నేను లీవు పెట్టి పిల్లలిద్దర్నీ ఏసుకోని అద్దంకి పోయా. క్రీ.శ. 848 నాటిది, తూర్పు చాళుక్యుల రాజు గుణగ విజయాదిత్యుడి సేనాని పండరంగడిది, అందులో పద్యం తరువోజ అనే ఛందస్సులో ఉంది, ఇవన్నీ చీటీ మీద రాసుకోని మరీ పోయా. పిల్లలకి ముందు రోజు రాత్రే ఊరించి ఊరించి చెప్పా. తీరా ఊళ్ళో దిగి ఎండలో గుళ్ళన్నీ తిరిగి అందర్నీ అడిగితే చివరికి అరుగు మీద కూర్చోనున్న పెద్దాయన ఒకాయన, అది మద్రాసు మ్యూజియంలో ఉంది కదయ్యా, చెప్పలేదా నీకెవురూ, అన్నాడు. మీ అమ్మ నా మొహం చూసింది చూడు, ఆ చూపు ఇప్పటికీ గుర్తుంది నాకు. సోడాలు తాగి తిరిగొచ్చాం. ఇప్పటికీ ఏదన్నా దొరక్కపోతే మద్రాసులో ఉంటదిలే నాయనా అంటది మీ అమ్మ, నువ్వు వినే ఉంటావు, ఆ మాట పుట్టింది అక్కడ.

(అద్దంకి అప్పుడు ప్రకాశంలో ఉండేది, 2022లో బాపట్ల జిల్లాలో కలిపారు. ఈ జిల్లాల గీతలు మారతానే ఉంటాయి, బోర్డులు చూసి కంగారు పడమాక.)

కాబట్టి మొదటి మాట, పోయే ముందు అక్కడిది ఏది యాడికి పోయిందో కనుక్కో. అది తెలిస్తే ఖాళీ చోటు కూడా చూడబుద్ధయితది, తెలియకపోతే గోడలూ కంపచెట్లూ తప్ప ఏమీ కనపడవు.

మన నెల్లూరు జిల్లా ఉదయగిరినే తీసుకో. మూడు వేల అడుగులు పైన ఉంటది కొండ, పదమూడు కోటలంట మొత్తం, ఎనిమిది పైన అయిదు కింద. ఒడిశా రాజులు గజపతుల చేతిలోంచి దాన్ని లాక్కోడానికి కృష్ణదేవరాయలకి ఏడాదిన్నర పట్టింది, 1513లో ముట్టడేస్తే 1514లో గాని లొంగలా. కొండల్ని తొలిచి బండరాళ్ళు పగలగొట్టి సైన్యానికి దారులు చేసుకున్నాడని గుర్రాల వ్యాపారం చేసే పోర్చుగీసాయన నూనిజ్ రాసిపెట్టాడు. ఆ మాట మనసులో పెట్టుకోని కింద నిలబడి తలెత్తి చూడు, ఆ నిట్టనిలువు బండ చూస్తే ఏడాదిన్నర తక్కువే అనిపిస్తది. గెలిచినాక రాయలు ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహం హంపీకి తీసకపోయి, 1515లో దానికోసమే ఒక గుడి కట్టించాడు. ఆ విగ్రహం ఇప్పుడు హంపీలో కూడా లేదు. యాడుందో చెప్పుకో చూద్దాం. అదే, మీ అమ్మ చెప్పే చోటే.

కొండ ఎక్కేది తెల్లారుజామునే మొదలుపెట్టండి. మనిషికి కనీసం మూడు లీటర్లు నీళ్ళు, సంక్రాంతి చలే కదా అనుకోమాక, పది దాటితే బండ కాలుద్ది. నేను ఒకసారి మే నెలలో ఒక్క సీసా నీళ్ళతో ఎక్కా, సగం దిగేసరికి కళ్ళు బైర్లు కమ్మి కూలబడితే మేకలు కాసే పిలగాడు వాడి సొరకాయ బుర్రలో నీళ్ళు నా నోట్లో పోశాడు. పైన మసీదు ఉంది, చెప్పులు బయట విడిచి, తల మీద చున్నీ కప్పుకోని పో. కింద ఊళ్ళో నర్ది చెక్కతో స్పూన్లూ గరిటెలూ చేస్తారు, వాటికి జీఐ గుర్తింపు, అంటే ఈ వస్తువు ఈ ఊరిదే అని సర్కారు ఇచ్చే ముద్ర, అది కూడా వచ్చింది, ఫోటో తీసుకోని ఊరికే రామాక, నాలుగు కొనుక్కో, బేరం ఎక్కువ ఆడమాక.

ఇంకోటి చెప్పాల, ఇది సిగ్గుపడే ముచ్చట. పెళ్ళయిన కొత్తల్లో ఫ్రెండ్సుతో పోయినప్పుడు ఆ కొండ మీద ఒక పాత గోడకి సున్నం మీద మేకుతో నా పేరు, మీ అవ్వ పేరు గీకా. పన్నెండేళ్ళకి మీ అవ్వనే తీసకపోయా, మురిసిపోతదని వెతికి మరీ చూపించా. ఆమె కాసేపు చూసి, మా నాయన కట్నం కింద ఈ గోడ రాసిచ్చాడా నీకు అనింది. అంతే, మళ్ళ ఇంటికొచ్చిందాకా పలకలా. మీ గ్యాంగులో ఎవుడి చేతిలో అన్నా మేకో పెన్నో కనపడితే ఈ కథ చెప్పు.

శాసనాల విషయం. రాతి మీద అక్షరాలు మిట్టమధ్యాన్నం అస్సలు కనపడవు, ఎండ నెత్తిన ఉంటే బండ అంతా ఒకే తెలుపు. పొద్దున ఏడు ఎనిమిది మధ్యలో, లేకపోతే సాయంత్రం అయిదుకి చూడాల, వెలుతురు పక్కనించి పడితే గీతలో నీడ నిలబడి అక్షరం పైకి లేస్తది. గుడి లోపల చీకట్లో అయితే ఫోన్ లైటు ఎదురుగా కొట్టమాక, గోడకి ఆనించినట్టు పక్కనించి పట్టుకో, నీకే ఆశ్చర్యమేస్తది. సుద్దముక్కతో రుద్దడం, నీళ్ళు పోసి తుడవడం, బొట్లు పెట్టడం ఏదీ వద్దు. చదవడం రాకపోయినా పర్లా, పైన సూర్యుడూ చంద్రుడూ చెక్కి ఉంటే ఆ దానం సూర్యచంద్రులు ఉన్నన్నాళ్ళూ ఉండాలని అర్థం, అది గుర్తుపట్టినా చాలు.

ఊరి బయట పాడుబడిన గుళ్ళ కాడికి పోయినప్పుడు మాత్రం ముందు ఊళ్ళోకి పోయి, టీ తాగి, నేను పలానా ఊరి పలానా వాళ్ళ మనవరాల్ని, గుడి చూడ్డానికొచ్చాం అని చెప్పి పోవాల. మన పక్క గుప్తనిధుల పిచ్చోళ్ళు చానా గుళ్ళలో నందుల్నీ లింగాల్నీ పెకలించి పోయారు, పెద్ద బ్యాగులేసుకోని కొత్తోళ్ళు నలుగురు తిరగతా ఉంటే ఊరోళ్ళు వాళ్ళే అనుకుంటారు, అనుకోడంలో తప్పు కూడా లేదు. ఇక ఆ డ్రోను ఇంట్లో పెట్టేసి రా, ఇట్టాంటి చోట్ల పర్మిషన్ లేకుండా ఎగరెయ్యకూడదు.

భైరవకోన గురించి పెద్దగా చెప్పను, అది ఎవురూ ఎత్తకపోలేనిది, కొండనే తొలిచిన ఎనిమిది గుహలు, అందుకే అక్కడ ఉండాల్సినవి అక్కడే ఉండాయి. జలపాతంలో వానల కాలంలో ఉన్నంత నీళ్ళు సంక్రాంతికి ఉండవు, అది చూసి మొహాలు వేలాడేసుకోవద్దు. తిరిగొచ్చే బండి టైము పోగానే అడుగు, చూసినాక కాదు.

చందవరం మాత్రం కొట్టెయ్యమాక. దొనకొండ పక్కన గుండ్లకమ్మ ఒడ్డున గుట్ట మీద బౌద్ధ స్తూపం, రెండు వేల ఏళ్ళ నాటిది, 1970ల్లో తవ్వి తీశారు. రోడ్డున పోయేటోళ్ళకి గుట్ట మాదిరే కనపడుద్ది. అక్కడి మ్యూజియంలోంచి శిల్పాలు దొంగలెత్తకపోయారు, అందులో బుద్ధుణ్ణి పూజించే భక్తుల ఫలకం ఒకటి చేతులు మారి మారి ఆస్ట్రేలియా దేశపు నేషనల్ గ్యాలరీలో తేలింది, వాళ్ళు డబ్బు పెట్టి కొన్నారు, సంగతి బయటపడినాక 2016లో మన దేశానికి తిరిగిచ్చారు. ఎట్ట పట్టుబడిందో తెలుసా, అది ఇక్కడ ఉన్నప్పుడు తీసిన పాత ఫోటోలు ఉండబట్టి. అందుకని నేను చెప్పేది ఏందంటే సెల్ఫీలు ఎన్నన్నా దిగు, కానీ ప్రతి చోటా నీ మొహం లేకుండా ఎదురుగా నిలబడి ఒక నాలుగు ఫోటోలు తియ్యి, కింద ఊరి పేరూ తారీఖూ రాసి దాచిపెట్టు. ఏ ఊళ్ళో ఏది ఎప్పుడు మాయమయిద్దో.

ఇక విగ్రహాలు. నువ్వు లిస్టులో సెంటర్లలో విగ్రహాలు కూడా రాశావు, అవి బస్సులోంచి కూడా చూడొచ్చు. పొట్టి శ్రీరాములు గారి విగ్రహం కాడ దండ చూసి వచ్చే బదులు నెల్లూరు మూలపేటలో వేణుగోపాలస్వామి గుడికి పో. 1952లో మద్రాసులో యాభై ఎనిమిది రోజులు పస్తుండి ప్రాణం వదిలాడు, అది అందరికీ తెలుసు. అంతకు ఆరేళ్ళ ముందే, 1946లో, ఆ మూలపేట గుళ్ళోకి హరిజనుల్ని రానియ్యాలని నిరాహార దీక్ష చేసి సాధించాడాయన. అది చానామందికి తెలియదు. గుడి మామూలు గుడే, దణ్ణం పెట్టుకోని గుమ్మం కాడ ఒక్క నిమిషం ఆగు. అక్కడినించి ఇందుకూరుపేట రోడ్డులో పల్లిపాడు పో, పెన్న ఒడ్డున పినాకినీ ఆశ్రమం, గాంధీ గారే వచ్చి 1921 ఏప్రిల్ 7న ప్రారంభించింది. చెట్లూ గాలీ తప్ప పెద్ద హడావుడి ఉండదు, మీ ఫ్రెండ్సు ఏముందిక్కడ అంటారు, అననీ, అరగంట కూర్చోబెట్టు.

ప్రకాశం పంతులు గారిది కూడా అంతే. ఒంగోల్లో విగ్రహం సరే, ఆయన పుట్టింది వినోదరాయునిపాలెంలో, 1872లో. ఆ చుట్టుపక్కలే దేవరంపాడు, 1930లో ఉప్పు సత్యాగ్రహం జరిగిన ఊరు, అక్కడ దాని గుర్తుగా స్తూపం ఉంది. సైమన్ కమిషన్ అప్పుడు తుపాకీకి గుండె చూపించింది మాత్రం మళ్ళా మద్రాసులోనే. ఏం చేస్తాం, అప్పుడు మనకి రాజధాని అదే కదా, బతకడానికైనా చావడానికైనా అక్కడికే పోయారు.

రొట్టెల పండగ అప్పుడు నెల్లూరు బారాషహీద్ దర్గా చూస్తానని రాశావు, అది మొహర్రం నెలలో వస్తది, సంక్రాంతికి కాదు. ఇప్పుడు చెరువు గట్టు ఖాళీగా ఉంటది, ప్రశాంతంగా చూసుకోవచ్చు.

ఎంతమంది వస్తా ఉండారో, అందులో చేపలు తిననోళ్ళు ఎవురన్నా ఉండారేమో మీ అవ్వ కనుక్కోమంటా ఉంది. ఆదివారం లోపల ఫోన్ చెయ్యి, ఉదయగిరికి నేను కూడా వస్తా, కొండ ఎక్కను, కింద స్పూన్ల కొట్లో కూర్చుంటా. ఆ గోడ మీద పేర్లు ఇంకా ఉన్నాయేమో చూసి చెప్పు, మీ అవ్వకి మాత్రం చెప్పమాక.

మీ తాత