శాస్ ముందా, ఆర్ ముందా?

ప్రశ్న: మా అమ్మాయి గుంటూరులో బీఎస్సీ (మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్) చివరి ఏడాది చదువుతోంది. క్లినికల్ ట్రయల్స్ డేటా ఉద్యోగాలంటే ఇష్టం. అమీర్‌పేటలో శాస్ (SAS) అనే డేటా విశ్లేషణ సాఫ్ట్‌వేర్ కోచింగ్‌కు పంపమని కొందరు, అదే పనికి వాడే ఆర్ (R) ఉచితం కాబట్టి అదే నేర్పించమని కొందరు అంటున్నారు. ఇంట్లో ఉన్నది 4 జీబీ ర్యామ్ లాప్‌టాప్. ఏం చేయమంటారు?

జవాబు: గురి క్లినికల్ ట్రయల్స్ అయితే శాస్‌తోనే మొదలుపెట్టించండి. ఫీజు మాత్రం ఇప్పుడే కట్టకండి. 'శాస్ ఆన్‌డిమాండ్ ఫర్ అకడమిక్స్'ను శాస్ తయారుచేసే సంస్థే చదువుకునేవారికి ఉచితంగా ఇస్తోంది. ఖాతా తెరిస్తే బ్రౌజర్‌లోనే పనిచేస్తుంది. లెక్కలన్నీ వాళ్ల సర్వర్ మీద జరుగుతాయి కాబట్టి మీ లాప్‌టాప్ చాలు.

ఫలానా సాఫ్ట్‌వేరే వాడాలన్న షరతు లేదని మందులకు అనుమతులిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ 2015లోనే స్పష్టం చేసింది. అయినా కంపెనీల దగ్గర ఏళ్ల తరబడి పేరుకున్న ప్రోగ్రాములు శాస్‌లోవే. అందుకే ఫ్రెషర్లను ముందు అదే అడుగుతారు. ఆర్ వాడకం పెరుగుతోంది, దాన్ని రెండోదిగా పట్టుకోవచ్చు. బ్యాంకులు, ఈ-కామర్స్ వైపు వెళ్లాలనుకుంటే లెక్క వేరు: ఎస్‌క్యూఎల్ (డేటాబేస్ నుంచి డేటా తీసే భాష), పైథాన్ (ప్రోగ్రామింగ్ భాష) చాలు.

మొదటి రెండు నెలలు రోజూ గంటన్నర చొప్పున డేటా స్టెప్ (డేటాను చదివి మార్చే భాగం), ప్రాక్ సార్ట్ (వరుసలో పెట్టడం), మెర్జ్ (రెండు డేటాసెట్లను కలపడం), ప్రాక్ ఫ్రీక్ (ఏది ఎన్నిసార్లు వచ్చిందో లెక్కించడం), ప్రాక్ మీన్స్ (సగటు లాంటివి లెక్కించడం) మీదే కూర్చోవాలి. ఆ తర్వాత ప్రాక్ ఎస్‌క్యూఎల్ (శాస్‌లోనే ఎస్‌క్యూఎల్ రాయడం). మాక్రోలు (పదే పదే రాసే కోడ్‌ను తనంతట తానే తయారుచేసేవి) చివరికి. ఇంటర్వ్యూలో అడుగుతారని మాక్రోల్లోకి ముందే దూకినవాళ్లు మామూలు మెర్జ్ దగ్గర తడబడతారు.

శాస్‌లో అసలు చిక్కు ఎర్ర అక్షరాల్లో ఎర్రర్ వచ్చినప్పుడు కాదు, ఏమీ రానప్పుడు. శాస్‌తోపాటే వచ్చే 'శాస్‌హెల్ప్ డాట్ క్లాస్' అనే డేటాలో 19 మంది పిల్లలు ఉంటారు. అందులో 13 ఏళ్ల లోపువారు 7గురు. 14 ఏళ్ల ఆల్ఫ్రెడ్ వయసు తీసేసి అక్కడ చుక్క (శాస్‌లో ఖాళీ విలువకు గుర్తు) పెట్టి, మళ్లీ లెక్కించమనండి. 8 వస్తుంది! ఖాళీ విలువను శాస్ అన్ని అంకెలకన్నా చిన్నదిగా చూస్తుంది మరి. అదే ప్రశ్న ఆర్‌లో వేస్తే 'ఎన్ఏ' (విలువ లేదు) అని నిలబెట్టేస్తుంది. ట్రయల్‌లో ఇలాంటి తప్పు జరిగితే వయసు నమోదుకాని రోగి పిల్లల గ్రూపులో చేరిపోతాడు.

ఇంకోటి. కొత్త వేరియబుల్‌కు ముందు 'మేల్' అని, తర్వాత 'ఫిమేల్' అని ఇచ్చి చూడమనండి. మొదటి మాటకు ఇంగ్లిష్‌లో 4 అక్షరాలే కాబట్టి రెండోదీ 4 దగ్గరే తెగిపోతుంది. ఎన్ని అక్షరాలు పట్టాలో చెప్పే లెంగ్త్ స్టేట్‌మెంట్‌ను ముందుగా రాయాలి. మెర్జ్‌లో రెండు డేటాసెట్లలోనూ బై విలువలు (రోగి నంబరు లాగా, వరుసలను జతచేసే విలువలు) రిపీట్ అయితే, రన్ చేసినప్పుడు శాస్ ఇచ్చే సందేశాల జాబితా అయిన లాగ్‌లో వచ్చేది ఒక్క నోట్ మాత్రమే. రన్ చేసిన ప్రతిసారీ ఆ లాగ్ చదవాలి, ముందూ వెనకా వరుసల సంఖ్య సరిచూసుకోవాలి.

ఇంత చేతికొచ్చాక ఎస్‌డీటీఎమ్, ఆడమ్ (ట్రయల్ డేటాను ఏ రూపంలో అమర్చాలో చెప్పేవి) ప్రమాణాల కోసం కోచింగ్ అవసరం అనిపిస్తే వెళ్లొచ్చు. చేరేముందు సిలబస్‌లో ఆ రెండూ ఉన్నాయా, ముడి డేటా ఇచ్చి చేయిస్తారా అని అడగండి. లేని అనుభవానికి సర్టిఫికెట్ ఇప్పిస్తామంటే అక్కణ్నుంచి వచ్చేయండి. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో పట్టుబడితే వచ్చిన ఉద్యోగం కూడా పోతుంది.