ఫార్వర్డ్ చేసే ముందు

చిరంజీవి మేనకోడలికి హనుమకొండ నుంచి మామయ్య ఆశీస్సులు.

కొత్తవాడలో మీ జంపఖానాల సంఘానికి వచ్చే మెయిళ్లను నీ జీమెయిల్‌కు ఫార్వర్డ్ చేస్తే కొన్ని స్పామ్‌లో పడుతున్నాయని, కొన్ని అసలే అందడం లేదని రాశావు. చిక్కంతా ఫార్వర్డింగ్‌లోనే ఉందమ్మా.

ఎస్‌పీఎఫ్ అంటే తన పేరుతో మెయిల్ పంపే సర్వర్లు ఏవో డొమైన్ (చిరునామాలో @ తర్వాతి పేరు) యజమాని డీఎన్‌ఎస్‌లో, అంటే ఇంటర్నెట్ పేర్ల బహిరంగ పట్టికలో, పెట్టే జాబితా. ముంబయి వ్యాపారి మెయిల్ మీ సర్వర్ మీదుగా వెళ్తే జీమెయిల్‌కు కనిపించేది మీ సర్వరే. ఆయన జాబితాలో అది ఉండదు, పరీక్ష తప్పుతుంది. డీకిమ్ మాత్రం పంపే సర్వర్ మెయిల్ మీద వేసే డిజిటల్ సంతకం, లక్క ముద్ర లాంటిది. ఎన్ని చేతులు మారినా లోపలి రాత చెదరనంతవరకు చెల్లుతుంది. పరీక్ష తప్పిన మెయిల్‌ను ఏం చేయాలో డొమైన్ యజమాని చెప్పే నియమం డీమార్క్. దానికి ఈ రెండింటిలో ఒకటి నెగ్గితే చాలు, కాని నెగ్గిన డొమైన్ పంపినవారిగా పైకి కనిపించే డొమైన్‌తో కలవాలి. ఎస్‌ఆర్‌ఎస్ పెట్టిస్తే సరిపోతుందని నీకు ఎవరైనా చెబుతారు. ఫార్వర్డ్ చేసేటప్పుడు అది కవరు మీది తిరుగు చిరునామాను మీ డొమైన్‌కు మారుస్తుంది, ఎస్‌పీఎఫ్ నెగ్గుతుంది, అయితే నెగ్గేది మీ పేరు మీద. డీమార్క్ దగ్గర ఆ వ్యాపారి మెయిల్‌ను కాపాడేది చివరికి ఆ ముద్రే.

ఒకప్పుడు దాన్ని నేనే పగలగొట్టాను. ఆఫీసు మెయిళ్లు చూసే రోజుల్లో, ఫార్వర్డ్ అయ్యే ప్రతిదానికీ విషయం ముందు మా పేరు, అడుగున నాలుగు వరుసల గమనిక చేర్పించాను. ముచ్చటగా ఉందని మురిసిపోయాను కూడా. వారం తిరగకముందే అందవలసినవి అందడం మానేశాయి. నువ్వు ఒక్క అక్షరం కూడా చేర్చకు.

స్పామ్‌ను వడకట్టాకే ముందుకు పంపు. వచ్చినదంతా తోసేస్తే ఆ చెత్త మీ సర్వర్ ఖాతాలోనే పడుతుంది. అలా వచ్చినదాన్ని నువ్వే స్పామ్ అని గుర్తుపెడితే, మీ మీద నువ్వే ఫిర్యాదు చేసుకున్నట్టు.

సంఘం పంపే మెయిళ్లకూ ముద్ర వేయించు. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ ఖాతాలకు రాసే ప్రతివారికీ ఎస్‌పీఎఫ్ గాని డీకిమ్ గాని ఉండాలి. రోజుకు 5,000 మెయిళ్ల స్థాయికి చేరితే రెండూ ఉండాలి, డీమార్క్ కూడా. మీ దసరా ధరల పట్టిక అంతమందికి వెళ్లదులే. అయినా డీమార్క్ పెట్టు. మొదట ‘నన్’ (తప్పినా ఏమీ చేయవద్దు) మీద ఉంచి, మెయిల్ అందుకునే సంస్థలు పంపే నివేదికలు కొన్ని వారాలు చదివాకే ‘రిజెక్ట్’ (తప్పితే తిప్పికొట్టు) దాకా వెళ్లు.

నన్నడిగితే ఫార్వర్డింగే వద్దంటాను. సంఘం డొమైన్‌లోనే మెయిల్ పెట్టె తెరిచి, సర్వర్‌లోని మెయిళ్లను అక్కడే ఉంచి చదివించే ఐమ్యాప్‌తో ఫోనులో చూసుకో. ఖర్చని మీ అధ్యక్షులు గొణిగితే ఆదివారం నేనే వచ్చి మాట్లాడతాను. ఎలాగూ మీ అత్తయ్య ఎర్ర అంచు జంపఖానా కావాలంటోంది.

మామయ్య