పొగమంచులో డార్క్‌విజన్: కొత్త గేమ్ మాస్టర్‌కి మామయ్య ఉత్తరం

అమ్మలూ,

తలా ఒక పాత్రగా డైస్ వేస్తూ కథ నడిపే డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆటకు మొదటిసారి గేమ్ మాస్టర్‌గా, అంటే కథ చెబుతూ రూల్స్ తేల్చే మనిషిగా, కూర్చోబోతున్నావని తెలిసి చాలా సంతోషమేసింది. కథను పొగమంచు కమ్మిన కొండదారిలో మొదలుపెడతానన్నావు కాబట్టి ఒక విషయం ముందే చెప్పాలి. ఆట మొదలైన కాసేపటికే ఎవరో ఒకరు “నాకు డార్క్‌విజన్ ఉంది కదా, కనిపిస్తుంది” అంటారు. ఒప్పుకోకు.

డార్క్‌విజన్ అంటే పాత్రకు చీకట్లో చూసే శక్తి, అది పనిచేసేది చీకటి మీద. మీరు ఆడే డంజియన్స్ అండ్ డ్రాగన్స్ 2014 రూల్స్‌లో, ఎల్ఫ్ అనే జాతి పాత్రకి 60 అడుగుల దాకా చీకటి మసక వెలుతురులా కనిపిస్తుంది, అదీ రంగులు తెలియకుండా. పొగమంచుది వెలుతురు సమస్య కాదు, అడ్డు సమస్య. దట్టంగా ఉంటే ఎల్ఫ్ అయినా మనిషి అయినా గుడ్డివాళ్ల కిందే లెక్క. ట్రూసైట్ అనే ఇంకో చూపుశక్తి మాయచీకటిని ఛేదిస్తుంది, అదృశ్యంగా ఉన్నవాళ్లను పట్టిస్తుంది. పొగమంచును దాటిస్తుందని మాత్రం రూల్‌లో లేదు. కాబట్టి ఎవరు అడిగినా ముందు ఇది తేల్చుకో: కనిపించనిది వెలుతురు లేకా, మధ్యలో ఏదైనా అడ్డుండటం వల్లా?

రాత్రిపూట జోరువాన నాకు చాలా ఇష్టమైన సన్నివేశం. వాన కాగడాలను ఆర్పేస్తుంది, డార్క్‌విజన్ లేనివాళ్లకు ఇక ఏమీ కనిపించదు. ఉన్నవాళ్లకు మసకగా కనిపిస్తుంది, పర్సెప్షన్‌కి, అంటే గమనించే ప్రయత్నానికి, డిసడ్వాంటేజ్ (రెండు డైస్ వేసి చిన్నది తీసుకోవడం). వాన కూడా అదే డిసడ్వాంటేజ్ ఇస్తుంది గానీ రెండూ కలిసి రెట్టింపు కావు. పాసివ్ పర్సెప్షన్, అంటే డైస్ వేయకుండా చూసుకునే గమనింపు స్కోరు, 15 అయితే 10 అని రాసుకో, అంతే. వానహోరులో వినికిడికీ డిసడ్వాంటేజే. పొంచి ఉన్న శత్రువుకి ఇంతకన్నా మంచి రాత్రి దొరకదు. మూత ఉన్న లాంతరును మాత్రం నేను ఆర్పను. రూల్ చెప్పేది బయటికున్న మంటల గురించే.

పొగమంచులో ఇద్దరూ ఒకరికొకరు కనిపించకుండా కొట్టుకుంటే అడ్వాంటేజ్ (రెండు డైస్‌లో పెద్దది తీసుకోవడం), డిసడ్వాంటేజ్ రెండూ రద్దయిపోయి డైస్ మామూలుగానే వేస్తారు. వింతగా ఉన్నా రూల్ అదే, మార్చకు.

కొన్ని జీవులకుండే బ్లైండ్‌సైట్ అనే శక్తికి కంటితో పనిలేదు, దాని పరిధిలో పొగమంచు అడ్డు కాదు. నేల కంపనాలను పసిగట్టే ట్రెమర్‌సెన్స్ నేలమీద కదిలేవాటినే పట్టిస్తుంది, ఎగిరేవాటిని కాదు.

ఎవరైనా పొగమంచు పుట్టించే ఫాగ్ క్లౌడ్ మంత్రం వేస్తే గాలి సంగతి గుర్తుంచుకో. గంటకు 10 మైళ్ల గాలి వీస్తే అది చెదిరిపోతుంది. అందుకే ఆ రోజు గాలి ఎంతుందో మంత్రం వేయకముందే బల్ల దగ్గర అందరికీ చెప్పు. వేశాక చెబితే ఆడేవాళ్ల మనసు కష్టపడుతుంది.

ఆశీస్సులతో,
మామయ్య