డల్లాస్ వాళ్ల ‘8:30 సీఎస్‌టీ’ మనకు ఏడా, ఎనిమిదా?

మీరు అడిగింది ఇదీ: డల్లాస్ క్లయింటు “ప్రతి మంగళవారం ఉదయం 8:30 సీఎస్‌టీ” అని మెయిల్ పెట్టారు. టీమ్‌లో ఒకరు మనకు సాయంత్రం 7 అంటున్నారు, ఇంకొకరు రాత్రి 8 అంటున్నారు. ఇప్పుడు జులై. క్యాబ్ ఎన్నింటికి పెట్టించుకోవాలి?

ఏడుకే సిద్ధంగా ఉండండి. ఎనిమిది అన్నవాళ్లు లెక్కేమీ తప్పలేదు, మెయిల్లో ఉన్న అక్షరాలను నమ్మారంతే.

సీఎస్‌టీ అంటే సెంట్రల్ స్టాండర్డ్ టైమ్. యూటీసీకి, అంటే ప్రపంచమంతా లెక్కకు ఆధారంగా పెట్టుకున్న టైమ్‌కి, 6 గంటలు వెనక. మనం యూటీసీకి ఐదున్నర గంటలు ముందు. రెండూ కలిపితే పదకొండున్నర. ఉదయం 8:30కి పదకొండున్నర కలిపితే రాత్రి 8 వస్తుంది. కాకపోతే జులైలో డల్లాస్‌లో స్టాండర్డ్ టైమ్ నడవదు. మార్చి రెండో ఆదివారం తెల్లవారుజామున 2 గంటలకు గడియారాన్ని గంట ముందుకు జరిపేస్తారు, నవంబరు మొదటి ఆదివారం మళ్లీ వెనక్కి తెస్తారు. ఈ మధ్యలో నడిచేది సీడీటీ, డేలైట్ టైమ్. అప్పుడు మనకూ వాళ్లకూ తేడా పదిన్నర గంటలే. 2007 నుంచి ఇవే తేదీలు. ఏడాదిలో దాదాపు ఎనిమిది నెలలు డేలైట్ టైమే, మిగతా నాలుగు నెలలు నడిచేదానికేమో ‘స్టాండర్డ్’ అని పేరు!

అక్కడివాళ్లలో చాలామందికి ఈ ఎస్, డీ పట్టింపు ఉండదు. ఏడాది పొడుగునా సీఎస్‌టీ అనే రాసేస్తారు. వాళ్ల ఉద్దేశం “మా గడియారంలో ఎనిమిదిన్నర” అని. నేను తొమ్మిదేళ్లు హైదరాబాద్‌లో కూర్చుని ఒక టెక్సాస్ క్లయింటుకు సపోర్ట్ చేశాను. జులైలో సీడీటీ అని సరిగ్గా రాసినవాళ్లను ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

మా ఆఫీసు గోడ మీద మూడు గడియారాలు ఉండేవి. హైదరాబాద్, లండన్, డల్లాస్. మార్చిలో ఎవరో ఒకరు కుర్చీ ఎక్కి డల్లాస్ ముల్లు తిప్పాలి. మొదటి ఏడాది హౌస్‌కీపింగ్ అతను తిప్పాడు. ఆ తర్వాత అతను మానేశాడు, ఎవరికీ ఆ ఊసే లేదు. ఏళ్ల తరబడి ఆ గడియారం ఎనిమిది నెలలు తప్పు, నాలుగు నెలలు ఒప్పు చూపిస్తూ గోడ మీద అలాగే ఉండిపోయింది. కొత్తగా చేరిన పిల్లలు దాన్ని చూసి కాల్స్‌కి గంట ఆలస్యంగా వచ్చేవాళ్లు. చివరికి ఒకమ్మాయి దాని కింద పసుపు రంగు చీటీ అంటించింది: “దీన్ని నమ్మకండి”.

అప్పటి నుంచి నేను ‘పదిన్నరా, పదకొండున్నరా’ అని అడగడం మానేశాను. ఈ మీటింగ్‌ను ఏ ఊరి గుంజకు కట్టేశారు అని అడుగుతాను. డల్లాస్ గుంజకు కట్టేస్తే వాళ్లకు ఎప్పుడూ ఎనిమిదిన్నరే, అటూ ఇటూ జరిగేది మనం. ఇప్పుడు ఏడు, నవంబరు నుంచి ఎనిమిది. హైదరాబాద్ గుంజకు కట్టేస్తే మనకు ఎప్పుడూ ఏడే, జరిగేది వాళ్లు. నవంబరులో వాళ్లకు పొద్దున్నే ఏడున్నర అవుతుంది. పిల్లల్ని స్కూల్లో దింపే వేళ అది, మీటింగ్‌కి సగం మంది రారు. క్లయింటు చెప్పిన మీటింగ్ కాబట్టి మామూలుగా గుంజ వాళ్ల ఊళ్లోనే ఉంటుంది. అయినా అడిగి రూఢి చేసుకోండి.

క్యాలెండర్‌లో పెట్టేటప్పుడు దెబ్బ తినేదీ ఇక్కడే. మనం హైదరాబాద్‌లో కూర్చుని ఇన్వైట్ పంపితే అది మన టైమ్‌జోన్‌లోనే పుడుతుంది, అంటే మన గుంజకు కట్టేసినట్టే. గూగుల్ క్యాలెండర్‌లో అయినా అవుట్‌లుక్‌లో అయినా టైమ్ పక్కన టైమ్‌జోన్ మార్చుకునే వీలుంటుంది. గూగుల్‌లో డల్లాస్ కోసం వెతక్కండి, సెంట్రల్ టైమ్ అక్కడ షికాగో పేరుతో ఉంటుంది. అది ఎంచుకుని ఉదయం 8:30 అని ఇవ్వండి. నవంబరులో మీ ఫోన్‌లో దానంతట అదే ఎనిమిదికి జరుగుతుంది. ఇంకా మేలు, ఇన్వైట్ వాళ్లనే పంపమనండి.

లెక్కకు మా అమ్మ పద్ధతి ఒకటి ఉంది, ఏ యాప్ కన్నా నాకు అదే వేగం. మా చెల్లి డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటుంది. మొదట్లో అమ్మ ఫోన్ ఎత్తగానే “మీకిప్పుడు పగలా, రాత్రా?” అని అడిగేది, మన ఇళ్లలో అమెరికా ఫోన్లన్నీ అలాగే మొదలవుతాయి కదా. తర్వాత తనే కనిపెట్టింది. మన గోడ గడియారం చూడు, ఎండాకాలమైతే గంటన్నర ముందుకు జరుపు, చలికాలమైతే అరగంట జరుపు, పగలుంటే రాత్రి చెయ్యి. అంతే. మనకు రాత్రి 8 అయితే జులైలో వాళ్లకు ఉదయం తొమ్మిదిన్నర, డిసెంబరులో ఎనిమిదిన్నర. అటునుంచి ఇటు రావాలంటే వెనక్కి జరపడమే. పన్నెండు గంటలకు గంటన్నర తక్కువ, అరగంట తక్కువ అన్నది అసలు లెక్క. అమ్మకు ఆ మాట తెలీదు, ముల్లు తెలుసు.

ఈ అరగంట గొడవేంటని డల్లాస్‌లో మా మేనేజర్ ప్రతి మార్చిలో విసుక్కునేవాడు. మన టైమ్ 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద నడుస్తుంది, డిగ్రీకి 4 నిమిషాల చొప్పున 330 నిమిషాలు, అంటే ఐదున్నర గంటలు. ఆ గీత మా కాకినాడ దగ్గర నుంచే పోతుందని ఒకసారి కాస్త గర్వంగానే చెప్పాను. ఆయనకు కాకినాడ ఎక్కడో తెలీదు, ఆ తర్వాత మాత్రం విసుక్కోలేదు.

ఇక తేదీ. గంట తప్పితే ఒక కాల్ పోతుంది, తేదీ తప్పితే పరువు పోతుంది. ఒకసారి వేసవిలో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంది, క్లయింటు “శనివారం 12 ఏఎం సెంట్రల్” అన్నారు. మేం దాన్ని శనివారం రాత్రి పన్నెండు అనుకున్నాం. మన మాటలో అంతే కదా, తెల్లారేదాకా అది శనివారం రాత్రే, పంచాంగంలో కూడా వారం మారేది సూర్యోదయానికే. వాళ్ల లెక్కలో 12 ఏఎంతో శనివారం మొదలవుతుంది, అంటే శుక్రవారం అర్ధరాత్రి. మనకు శనివారం ఉదయం పదిన్నర. మేం ఆదివారం పదిన్నరకు టిఫిన్లు కట్టించుకుని మరీ ఆఫీసుకు వెళ్లాం. అప్పటికి సరిగ్గా ఇరవై నాలుగు గంటలు దాటిపోయింది, శనివారం వచ్చిన మిస్డ్ కాల్స్ ఎవరూ చూసుకోలేదు. ఆ రోజు నుంచి అర్ధరాత్రికి ఏదీ పెట్టనివ్వను. 12:05 అనండి, 11:55 అనండి, పక్కన రెండు ఊళ్ల తేదీలూ రాయండి అంటాను. ఈ వేసవిలో ఆదివారం సాయంత్రం డల్లాస్‌లో 7 అంటే మనకు సోమవారం తెల్లవారుజాము ఐదున్నర. అది రాయకపోతే ఎవరో ఒకరు ఆదివారమే లాగిన్ అవుతారు.

రాత్రి పూట పనులు ఉంటే ఇంకోటి చూసుకోండి. నవంబరులో గడియారం వెనక్కి తిప్పే రాత్రి డల్లాస్‌లో ఒంటిగంట నుంచి రెండు దాకా ఉన్న గంట రెండుసార్లు వస్తుంది. మార్చిలో రెండు నుంచి మూడు దాకా ఉన్న గంట అసలు ఉండదు. ఆ వేళల్లో కంప్యూటర్ దానంతట అదే నడిపే పని (జాబ్) షెడ్యూల్ చేస్తే రెండుసార్లు నడవొచ్చు, లేదా నడవకుండానే పోవచ్చు.

కాల్‌లో లండన్ వాళ్లు కూడా ఉంటే మార్చి మహా తికమక. వాళ్లు గడియారం మార్చేది మార్చి ఆఖరి ఆదివారం. 2026లో డల్లాస్ మార్చి 8న మారితే లండన్ 29న మారింది, మధ్యలో మూడు వారాలు ఎవరి లెక్క వాళ్లది. ఫీనిక్స్‌లో ఎవరైనా ఉంటే హాయి. అది ఉన్న అరిజోనాలో నవాహో ఆదివాసీల ప్రాంతం తప్ప ఎక్కడా గడియారం తిప్పరు, మనకు ఏడాదంతా పన్నెండున్నర గంటల తేడా. టెక్సాస్ అంతా సెంట్రల్ అని కూడా అనుకోకండి, ఎల్ పాసో మౌంటెన్ టైమ్‌లో ఉంది, డల్లాస్ కన్నా గంట వెనక.

మీరు చేయాల్సింది ఇప్పుడు ఒక మెయిల్. “8:30 అంటే డల్లాస్ లోకల్ టైమే కదా, నవంబరు తర్వాత కూడా 8:30కేనా?” అని అడగండి. అవునంటే టీమ్ గ్రూప్‌లో ఇలా పెట్టేయండి: “ప్రతి మంగళవారం, డల్లాస్ టైమ్ ఉదయం 8:30. అక్టోబరు ఆఖరి దాకా మనకు సాయంత్రం 7, నవంబరు 3 మంగళవారం నుంచి రాత్రి 8.” క్యాబ్ డెస్క్‌కు మాత్రం ఇప్పుడే చెప్పకండి, మర్చిపోతారు. అక్టోబరు ఆఖరి వారంలో చెప్పండి.