పోటు తగ్గిందని నీరు తీయించుకోవడం మానకు

చి. రమణకు,

మేనత్త ఆశీస్సులు. ఛాతీలో కుడి పక్క పోటు తగ్గిపోయింది, ఇక సూది పెట్టి ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీరు తీయించుకోవడం ఎందుకని అంటున్నావట. మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఛాతీ వార్డులో నర్సుగా చేసినదాన్ని కదా, ఈ మాట చాలామంది నోట విన్నాను.

ఊపిరితిత్తి మీద ఒక పొర, పక్కటెముకల లోపలివైపు ఒక పొర ఉంటాయి. మధ్యలో ఉండేది కాస్త తడి మాత్రమే. పొరలు వాస్తే ఊపిరి పీల్చినప్పుడల్లా ఒకదాన్నొకటి రాసుకుంటాయి. దగ్గినా, తుమ్మినా కత్తితో పొడిచినట్టు ఉండేది అందుకే. దీన్నే ప్లూరసీ అంటారు. ఆ వాపు వల్ల నీరు ఊరి మధ్యలో చేరిందనుకో, పొరలు ఎడంగా జరిగి రాపిడి ఆగిపోతుంది, పోటు తగ్గుతుంది. బదులుగా మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. నీకు వస్తోంది కదూ?

వైరస్ వల్ల వచ్చిన వాపైతే కొన్నాళ్లకు దానంతటదే పోతుంది, నొప్పి మాత్రలు చాలు. న్యుమోనియా వల్ల రావచ్చు. లూపస్ (ఒంటి రక్షణ శక్తే ఒంటి మీద తిరగబడే జబ్బు), కీళ్లవాతం, క్యాన్సర్ కూడా కారణం కావచ్చు. ఉన్నట్టుండి పోటు, ఆయాసం, ఒక కాలి పిక్క వాపు కలిసి వస్తే ఊపిరితిత్తిలో రక్తం గడ్డ చేరిందేమోనని వెంటనే ఎమర్జెన్సీకి పరిగెత్తాలి. నీ సంగతి వేరు. సాయంత్రం జ్వరం, ఆకలి లేకపోవడం, చిక్కిపోవడం, ఒక పక్కే నీరు. మన దేశంలో ఇలాంటి కుర్రవాడు వస్తే డాక్టర్లు ముందు అనుమానించేది టీబీనే.

ఊళ్లో ఆర్ఎంపీ గ్యాస్ నొప్పి అని ఇంజెక్షన్లు చేశాడట. ఏ మందులిచ్చాడో చీటీ తీసుకెళ్లి డాక్టరుకు చూపించు. లెవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు పడితే టీబీ కొన్నాళ్లు అణిగి ఉండి, పరీక్షల్లో దొరక్కుండా పోతుంది.

నీరు తీసేటప్పుడు కూర్చోబెట్టి, ముందు బల్ల మీద చేతులు పెట్టుకుని వంగమంటారు. మత్తు సూది చురుక్కుమంటుంది, తర్వాత ఒత్తిడిలా ఉంటుంది, అంతే. కదలకు, దగ్గు వచ్చేలా ఉంటే ముందే చెప్పు. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే అదీ చెప్పాలి. ఒకసారి తీస్తే మళ్లీ మళ్లీ పడుతుందని మీ పక్కింటావిడ చెప్పేది నమ్మకు. నీరు మళ్లీ చేరితే అది జబ్బు వల్లే, సూది వల్ల కాదు. నువ్వు తాగే మంచినీళ్లకూ దీనికీ సంబంధం లేదు, హాయిగా తాగు.

తీసిన నీటిలో ఏడీఏ అనే ఎంజైము ఎంత ఉందో చూస్తారు. 40 దాటితే టీబీ అనుమానం బలపడుతుంది. నీటిలో క్రిమి దొరకలేదని రిపోర్టు వచ్చినా టీబీ లేదనుకోవద్దు, ఈ పొరల టీబీలో అది తరచూ దొరకదు. తెమడ పరీక్ష కూడా అడిగి చేయించుకో. ఇంట్లో పిల్లలున్నారు, నీ నుంచి వాళ్లకు అంటుతుందో లేదో దాన్నిబట్టి తెలుస్తుంది.

టీబీ అని తేలితే మందులు మామూలుగా 6 నెలలు. మొదటి 2 నెలలు నాలుగు రకాలు, తర్వాత 4 నెలలు మూడు రకాలు. ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. టీబీ రోగుల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ పోర్టల్ నిక్షయ్‌లో పేరెక్కిస్తే తిండికని నెలకు 1,000 రూపాయలు బ్యాంకులో పడతాయి. సిగ్గుపడి వదులుకోకు. మూత్రం నారింజ రంగులో వస్తే టెన్షన్ పడకు, అది మందు రంగు. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, చూపు మసకబారినా అదే రోజు డాక్టరును కలవాలి. మందులు వాడినన్నాళ్లూ మద్యం జోలికి పోవద్దు. కొన్ని వారాలకే జ్వరం పోయి ఆకలి పుడుతుంది. చాలామంది మాత్రలు మానేసేది సరిగ్గా అప్పుడే, నువ్వు ఆ పని చేయకురా.

రేపు పరీక్షకు మీ అన్నయ్యను వెంట తీసుకెళ్లు. రిపోర్టు రాగానే ఏడీఏ అంకె కనబడేలా ఫోటో తీసి నాకు వాట్సాప్ చెయ్యి.

మీ అత్త