మ్యాప్‌లో బంజరు అని ఉంటే ఆ నేల పనికిరానిదేనా?

కాదు, పంటా చెట్లూ పెద్దగా లేవని పెట్టిన పేరే అది. ఆ నేల మనకు ఏమిస్తుందో కొలిచి పెట్టింది కాదు. కేంద్ర ప్రభుత్వం, హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం కలిసి తెచ్చే బంజరు భూముల అట్లాస్‌లో తుప్పలున్న నేలలూ బంజరు కిందికే వస్తాయి. దానికి వాడే ఉపగ్రహ చిత్రంలో నేల మీద ఏముందో కనిపిస్తుంది. ఎన్ని గొర్రెలు మేస్తున్నాయో, ఎంత వాన నీరు ఇంకుతోందో కనిపించదు. పైగా మెట్ట ప్రాంతపు గడ్డి వానల తర్వాత కొన్ని నెలలే పచ్చగా ఉంటుంది, ఏప్రిల్ చిత్రంలో అదంతా వట్టి మట్టే. అందుకే సరైన అంచనాకు వేర్వేరు కాలాల చిత్రాలు చూడాలి, కాపరులనూ అడగాలి (ఈ రెండోది చాలాసార్లు వదిలేస్తారు).

నంద్యాల జిల్లా రోళ్లపాడు అభయారణ్యాన్నే చూడండి. కృష్ణజింకలు తిరిగేదీ, బట్టమేక పిట్టలు (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) ఒకప్పుడు గుడ్లు పెట్టిందీ అలాంటి గడ్డి నేలలోనే.

చెట్లు నాటితే ఏ నేలైనా బాగుపడుతుందనుకోవడం పొరపాటు. గడ్డి మైదానంలో చెట్లు దట్టంగా పెరిగితే నీడకు గడ్డి తగ్గుతుంది, మేత పోతుంది. బట్టమేక పిట్టకైతే చుట్టూ దూరం దాకా కనిపించే బయలే కావాలి.